చావ్ – వెనిస్ వారి పలకరింపు



ఇటలీ దేశములోని వెనిస్ పట్టణమునకు వెళ్లిన తెలుగువారు మొదటి దినమే ఉలిక్కిపడవచ్చును. అక్కడ వీధులకు బదులు కాలువలు, బస్సులకు బదులు పడవలు. పడవ ఎక్కేవారు, దిగేవారు, బడికి పోయే పిల్లలు ఒకరినొకరు చూచి "చావ్" అంటారు. మన చెవికి అది "చావు" అన్నట్టే ఉంటుంది! భయపడనక్కరలేదు. అది స్నేహితుల పలకరింపు. కలిసినప్పుడూ అదే, సెలవు తీసుకునేటప్పుడూ అదే. పెద్దలను, పరిచయము లేనివారిని మాత్రము "బోన్ జోర్నో", అనగా శుభదినము, అని గౌరవముగా పలకరిస్తారు.

ఈ మాట పుట్టినది వెనిస్‌లోనే. వారి భాషలో "స్‌చావో" అనగా దాసుడు. "నేను మీ దాసుడను" అని మర్యాదకు చెప్పిన మాటే నోట నలిగి నలిగి "చావ్" అయినది. ఆస్ట్రియాలో వినబడే "సెర్వుస్" అను పలకరింపు కూడ లాటిను భాషలో దాసుడనియే అర్థము.

మరి ఆ దాసుడు ఎవరు? వెనిస్‌లో సెయింట్ మార్కు ఆలయము దాటి నీటి ఒడ్డున నడిస్తే "స్కియవోనీల రేవు" వస్తుంది. అనగా స్లావుల రేవు. సముద్రమునకు ఆవల, నేటి క్రొయేషియా తీరమునుండి వచ్చిన స్లావు వర్తకులు అక్కడ ఓడలు నిలిపేవారు. వీరు స్వతంత్రులే. కాని మధ్యయుగములలో ఆ జాతివారు ఎందరో దాడులలో పట్టుబడి సంతలో అమ్ముడుపోయారు. చివరకు వారి జాతి పేరే బానిసకు పేరైనది. ఇంగ్లీషులోని "స్లేవ్" అను మాటకూ అదే మూలము.

ఈ వ్యాపారములో వెనిస్ వర్తకులకు పెద్ద పాలున్నది. 8వ శతాబ్దములో వారు రోమాలో కొన్న బానిసలను జకరయ్య అను పోపు సొమ్ము చెల్లించి విడిపించాడు. 960లో వెనిస్ పాలకులు ఆ వ్యాపారమును నిషేధించారు. అయినను 15వ శతాబ్దములో కూడ నల్లసముద్రపు తీరమునుండి బానిసలను తెచ్చి అమ్ముతూనే ఉన్నారు.

మర్యాదకు "దాసుడను" అన్నవాడు తల వంచి, మరల తన యింటికి పోయాడు. నిజముగా దాసుడైన వానికి తిరిగి పోవుటకు ఇల్లే లేదు. పలకరింపు మిగిలినది, వాని కన్నీరు మరుగున పడినది.

మనమును ఉత్తరముల చివర "మీ దాసుడు" అని వ్రాస్తాము. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను ఆ మాటతోనే ఆరంభించాడు. నిజమైన బానిసలు వేలాదిగా ఉన్న పట్టణములో ఆ మాట ఎంత బరువుగా వినబడియుండునో! మనము వ్రాసేటప్పుడు కూడ ఆ బరువు తెలిసి వ్రాయుదము.