అడిగితే తెరవని తలుపు!

మెడలో కార్డు ఉంటేనే లోపలికి... 1998లో సైబర్‌ టవర్స్‌ మొదలైన హైటెక్‌ సిటీలో ఏ గేటు దగ్గరైనా ఇదే మాట. అంతకంటే గట్టి తలుపులు ఇదే ఊళ్లో ఉన్నాయి!

హైటెక్‌ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, గాంధీభవన్‌లో దిగితే గోషామహల్‌ దగ్గరే. తానీషా కాలంనాటి బారాదరి అక్కడుంది. 1872 నుంచీ అది ఫ్రీమేసన్ల నెలవు.

ఈ సోదర సంఘంలో మొదటి మెట్లు మూడు. చేరాలంటే ఎవరికి వారే అడగాలి. మూడో మెట్టెక్కి 'మాస్టర్‌ మేసన్‌' అయ్యాక రాయల్‌ ఆర్చ్‌, మార్క్‌ వంటి శాఖలుంటాయి. 'రెడ్‌ క్రాస్‌ ఆఫ్‌ కాన్‌స్టాంటైన్‌' లాంటివాటికైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ అడగకూడదు... లోపలివాళ్లే పిలవాలి!

గోషా అంటే పరదా. రాణివాసం ఉండే చోటు కాబట్టే ఆ పేరంటారు. కానీ 1961లో ఏర్పడిన గ్రాండ్‌ లాడ్జ్‌ ఆఫ్‌ ఇండియాలో సభ్యత్వం మగవాళ్లకే. ఆడవాళ్ల కోసం కట్టిన మహల్లో ఆడవాళ్లకు తొలిమెట్టే లేదు!

తిరుగు ప్రయాణంలో నా పక్కనో అమ్మాయి. నైట్‌షిఫ్టుకేమో, మెడలో కార్డు సర్దుకుంటోంది. ఆ గేటైనా ఆమెకు తెరుచుకుంటుంది. ఎందుకో... ఆ కార్డు ముద్దొచ్చింది.