కైకలూరు టికెట్టుతో సఫారీ

సఫారీ అనగానే పైకప్పు తెరిచిన జీపూ, ఖాకీ టోపీ గుర్తొస్తాయి. మాకు నరసాపురం స్టేషన్లో తీసుకున్న కైకలూరు టికెట్టు సరిపోయింది. బైనాక్యులర్సు మాత్రం ఉన్నాయి, అవి మా బావవి. నైరోబీలో ఉద్యోగం చేస్తాడు. మసాయి మారాలో సింహాల్ని చూపించిన బైనాక్యులర్సు ఇవేనని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

పండక్కి వారం ముందే దిగిన మనిషి ఫోన్లో ఫోటోలు తిప్పుతూ కూర్చుంటే మా అమ్మే కదిపింది. “అవన్నీ బాగానే ఉన్నాయి గానీ అల్లుడూ, మన కొల్లేటి పక్షుల్ని ఎప్పుడైనా చూశావా?” అని. “కొంగల కోసం కైకలూరు దాకా ఎందుకత్తా, మన చేలో లేవా?” అన్నాడు. ఆ మాట అన్నందుకు మర్నాడు చీకటితోనే లేవాల్సొచ్చింది.

నిజానికి మా ఊరి చుట్టుపక్కల వన్యప్రాణులకు కొరతేమీ లేదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వైపు, చలికాలం రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. డెల్టాకి ఆ చివర, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి ఉంది. దాన్ని 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. అందులో బావురుపిల్లి ఉంది, నీటికుక్కలున్నాయి. అయితే బావురుపిల్లి చీకటిపడ్డాక తిరిగే జీవి, మన సెలవు చూసుకుని బయటికి రాదు. పొద్దున వెళ్ళి రాత్రి భోజనానికి ఇంటికి చేరాలంటే కొల్లేరే దారి. పైగా అది మాకు పరాయిదేం కాదు. కొల్లేట్లో నిండిన నీళ్ళు ఉప్పుటేరు పట్టుకుని అరవై కిలోమీటర్ల చిల్లర నడిచి, మా పక్కనున్న మొగల్తూరు మండలం అంచునే సముద్రంలో పడతాయి.

పాలకొల్లు దాటేదాకా కిటికీలోంచి మంచు తప్ప ఏమీ కనబడలేదు. వీరవాసరం దగ్గర కొబ్బరిచెట్ల తలలు బయటపడ్డాయి. భీమవరం దాటాక పొలం పలచబడి చెరువులు మొదలయ్యాయి. మా చిన్నప్పుడు ఈ దారిలో రెండువైపులా వరిచేలే ఎక్కువ. ఇప్పుడు గట్టు, చెరువు, మళ్ళీ గట్టు, మళ్ళీ చెరువు. మధ్యలో తెల్లగా నురగ చిమ్ముతూ ఏరియేటర్లు. చెరువుల మీద తాళ్ళు కట్టి, వాటికి మెరిసే రిబ్బన్లు వేలాడదీశారు. “పెళ్ళేమైనా ఉందా?” అన్నాడు బావ. పక్షులు దిగకుండా అని చెప్పాను.

ఉండి స్టేషన్లో రైలాగినప్పుడు ఆరేడు గురించి చెప్పకుండా ఉండలేకపోయాను. ఇదే మండలంలో ఉందా ఊరు. కె.కె. నీలకంఠన్ అని కేరళ ఆయన, ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారు, 1946లో ఆ ఊళ్ళో గూడబాతులు (పెలికన్లు) పెద్ద ఎత్తున గూళ్ళు కట్టి ఉండటం చూసి పక్షిశాస్త్ర లోకానికి తెలియజేశారు. ఆయనే తర్వాత ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాసి, ఆ భాషలో పక్షులంటే ఇష్టపడే ఒక తరాన్నే తయారుచేశారు. గూడబాతులు మన దేశంలో తగ్గిపోతున్నాయని నిపుణులు బెంగపడుతున్న రోజుల్లో, భీమవరానికి కూతవేటు దూరంలో అవి నిక్షేపంగా కాపరం చేస్తున్నాయన్నమాట. ఆ కాలనీ ఇప్పుడు లేదు, తర్వాతి దశాబ్దాల్లో చెదిరిపోయింది. అయినా ఉండి మీదుగా రోజూ రైల్లో తిరిగే మాకు ఆ సంగతి తెలియకపోవడం విడ్డూరం. మా బళ్ళో ఆఫ్రికా గురించి ఒక పాఠం ఉండేది గానీ ఆరేడు గురించి ఒక్క ముక్కా లేదు.

ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన ఎక్కితే పాత లెక్కలో కృష్ణా జిల్లా. 2022లో కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లాల గీతలతో పని రెవెన్యూ ఆఫీసుకే, పక్షులకు కాదు.

కైకలూరు స్టేషన్ నుంచి ఆటపాకకి ఆటోలో పది నిమిషాలు. గేటు దగ్గర అటవీశాఖ వాళ్ళ పర్యావరణ విద్యాకేంద్రం ఉంది. అందులో కొల్లేటి పక్షుల బొమ్మలు పేర్లతో సహా వరసగా పెట్టారు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి అది పనికొస్తుంది. మేం మాత్రం అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. ఎందుకంటే బయట్నుంచి చప్పుడు వినిపిస్తోంది. వందల గొంతులు ఒకేసారి కీచుమంటూ, మధ్యమధ్య రెక్కలు తపతపలాడిస్తూ, సంతలాంటి రొద. దాని వెనకే వాసన. ఫోటోల్లో రానిది అదొక్కటే. కుళ్ళిన చేపా, రెట్టా కలిసిన ఆ వాసనకి బావ జేబురుమాలు తీశాడు. “సింహం పక్కన కూడా ఇంత కంపు లేదోయ్ బామ్మర్దీ,” అన్నాడు.

బోటెక్కాం. గుర్రపుడెక్కని పక్కకి నెట్టుకుంటూ చెరువు మధ్యలోకి వెళ్ళేసరికి చెట్లు కనిపించాయి. చెట్లనడం పేరుకే. నీళ్ళలో నిలబడీ, రెట్టకి మాడీ, ఆకు లేకుండా తెల్లగా సున్నం కొట్టినట్టున్న మోడులు. ఒక్కో మోడు మీద అన్ని కొమ్మలకీ గూళ్ళే. చెట్లు చాలక, ఎండిపోయినవి కూలిపోతుండటంతో, అటవీశాఖ వాళ్ళు ఇనప స్టాండ్లు పాతి పైన అంతస్తులుగా జాలీలు బిగించారు. గూడబాతులు వాటినీ కాదనలేదు. పుల్లలు తెచ్చి పరుచుకుని కాపరాలు పెట్టేశాయి.

“గుడ్లు పొదిగే టైములో ఇంతకంటే దగ్గిరికి పోకూడదండి,” అని బోటు నడిపే ఆయన ఇంజను ఆపేశాడు. “పెద్దవి లేచిపోతే కాకులు, గద్దలు గుడ్లెత్తుకుపోతాయండి.”

ఒక స్టాండు ఎదురుగా చాలాసేపు నిలిచిపోయాం. తల్లో తండ్రో తెలీదు, రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ పొదుగుతాయి, రెండూ మేత తెస్తాయి. ఒక గూడబాతు ఆకాశంలో దాదాపు రెండున్నర మీటర్ల రెక్కలు చాపి తేలుతూ వచ్చింది. దిగేటప్పుడు ఆ ఠీవి అంతా పోయింది. కాళ్ళు ముందుకి చాపి, తూలి, స్టాండంతా కదిలిపోయేలా పడింది. బైనాక్యులర్సులోంచి చూస్తే పై ముక్కు అంచు వెంట నీలం చుక్కలు లెక్కపెట్టొచ్చు. మెడ వెనక దువ్వని జుట్టు. కింది ముక్కుకి వేలాడే సంచి. చేపల్ని ఆ సంచిలో దాచుకుని మోసుకొస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సంచి నీళ్ళలో చేపని తోడే వలలాంటిది. నీళ్ళు వార్చేశాక చేప కడుపులోకే పోతుంది. పిల్లకి పెట్టేది కడుపులోంచి కక్కిన మేత.

ఆ పెట్టడం చూడాలి. తెల్లటి నూగుతో గొర్రెపిల్లంత ఉన్న పిల్ల, పెద్దదాని ముక్కు మీద పొడిచి పొడిచి అడిగింది. అది నోరు తెరవగానే పిల్ల ముక్కు దూర్చింది, తర్వాత తల, తర్వాత మెడ మొత్తం. బయట రెండు బుల్లి రెక్కలు కొట్టుకుంటున్నాయి. పెద్దది పిల్లని మింగేస్తోందని ఒట్టేసి చెప్పొచ్చు. కాసేపటికి పిల్ల తల బయటికి లాక్కుంది, మొహమంతా జిగురుతో. వెంటనే పక్కనున్న రెండో పిల్ల ఎగబడింది. పెద్దది ముక్కు పైకెత్తేసి ఇక లేదు పొమ్మంది. బావ అప్పటిదాకా మాట్లాడలేదు. ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు.

కింది అంతస్తుల్లో ఎర్రకాళ్ళ కొంగలు. పసుపు ముక్కు, నారింజరంగు మొహం, తోక దగ్గర గులాబీ ఈకలు. పెద్దవాటికి గొంతు లేదు, ముక్కులు టకటకా కొట్టుకోవడమే వాటి సంభాషణ. మేం విన్న సంత అంతా పిల్లలదన్నమాట. లోతు తక్కువ ఉన్న ఒడ్డున ఒకటి మేస్తోంది. ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచి, అటూ ఇటూ తిప్పుకుంటూ నడుస్తోంది, కళ్ళు మాత్రం ఎటో చూస్తున్నాయి. చేప ముక్కుకి తగిలిన క్షణంలో టక్కున మూసేస్తుంది. చూపుతో పనిలేని వేట కాబట్టి బురదనీళ్ళయినా దానికి ఇబ్బంది లేదు. నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి. నత్తగుల్ల కొంగలు దూరంగా ఉన్నాయి.

బావ కెన్యాలోని నకూరు సరస్సు కబుర్లు మొదలుపెట్టాడు. అక్కడా గూడబాతులు చూశాడట, ఇంకా పెద్దవి, తెల్లవి. అర్ధచంద్రాకారంగా బారులు తీరి చేపల్ని ఒడ్డుకి తరుముతాయట. మనవి అంత కూడబలుక్కోవు, చాలాసార్లు ఎవరి వేట వారిదే. అయితే ఆయన చెప్పిన రెండో ముక్క నాకు కొత్త. నకూరులో మొదట చేపల్లేవట. నీళ్ళు అంత ఉప్పన. దోమల్ని అదుపు చేయడానికి 1950ల నుంచి మగాడి సరస్సు తిలాపియా పిల్లల్ని తెచ్చి వదిలారు. చేపలు పెరిగాక వెనకే గూడబాతులొచ్చాయి. గూళ్ళు మాత్రం పక్కనున్న ఎల్మెంటైటా సరస్సులో పెట్టుకుని మేతకి నకూరుకి ఎగిరొస్తాయి.

“అంటే అక్కడ కూడా చేపలు మనుషులు వేసినవేనా?” అన్నాడు బోటాయన. అప్పటిదాకా వినట్లేదనుకున్నాం.

“ఆయ్. కానీ చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. లోపల చేపల చెరువులుండవు, ఊళ్ళుండవు.”

“ఊళ్ళు లేకుండా ఎలా చేశారండీ?”

బావ కాస్త తటపటాయించాడు. పక్క దేశం టాంజానియాలో సెరెంగెటి పార్కుందనీ, 1959లో అందులో ఉన్న మసాయి తెగవాళ్ళని పశువులతో సహా పక్కన గొరొంగొరోకి పంపేశారనీ చెప్పాడు. మనం టీవీలో చూసే ఖాళీ పచ్చికబయలు మొదట్నుంచీ అంత ఖాళీ కాదు.

బోటాయన తలూపాడు. 2006 ఆయనకి గుర్తుంది. ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకూ కొల్లేరుని, అంటే 308 చదరపు కిలోమీటర్లని, 1999లో అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్సర్ జాబితాలోకి ఎక్కింది. కాగితం మీద అభయారణ్యం, నేల మీద చేపల చెరువులు. చివరికి సుప్రీంకోర్టు కమిటీ గట్టిగా పట్టుకుంటే 2006లో పేలుడు మందు పెట్టి గట్లు లేపేశారు. “మా సొసైటీ చెరువూ పోయిందండి. మా నాన్న గట్టు మీద కూచుని ఏడ్చాడండి. ఇప్పుడు నేను ఈ పక్షుల మీదే బతుకుతున్నాను, ఏమంటాం,” అన్నాడు. 2008లో శాసనసభ మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. ఆ పంచాయితీ ఇప్పటికీ నలుగుతూనే ఉంది. నా మట్టుకు నాకు సరస్సు మిగలాలనే ఉంటుంది. కొల్లేరు ఉంటే వరద ఆగుతుంది, మా ఉప్పుటేరు బతుకుతుంది. అయితే గట్టు మీద కూచుని ఏడ్చినవాడి పక్కన నిలబడి ఆ మాట అనడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం అభయారణ్యం బయట గట్ల మీద నడిచాం. అక్కడ అసలు వేట ఉంది. ఒక చెరువు మీద గూడబాతులు చుట్లు కొడుతుంటే, గట్టు మీద కాపలా కుర్రాడు డబ్బా మీద కర్రతో కొడుతూ, చాలకపోతే సీమటపాకాయ వెలిగిస్తూ పరిగెడుతున్నాడు. పక్షులు లేచి పక్క చెరువు మీదికి పోయాయి. అక్కడ ఇంకో కుర్రాడు, ఇంకో డబ్బా. మళ్ళీ ఇటే వచ్చాయి. సాయంత్రం దాకా వాళ్ళకి అదే ఉద్యోగం, వీటికి అదే భోజనం. సరస్సులో నీళ్ళు కుదించిన చెరువులే ఈ పక్షుల కడుపు నింపుతున్నాయి. వాటిని కొట్టి తరిమేదీ ఆ చెరువుల వాళ్ళే. పొరుగూరి చెరువులో తిని ఆటపాకలో పిల్లల్ని పెంచుతాయి.

రైలుకి టైముందని కైకలూరు సెంటర్లో టీ కోసం ఆగితే చెరువుల రైతు ఒకాయన బావ మెళ్ళో బైనాక్యులర్సు చూసి పలకరించాడు. విషయం తెలిశాక ఆయన ఆవేశపడ్డాడు.

“మీరు చూడ్డానికి బాగానే ఉంటాయండి. నా శీలావతి పిల్లని రేటెట్టి కొని వదిలితే పావు కిలో అయ్యేలోపే ఎగరేసుకుపోతాయండి. నాకెవరిస్తారండి? సరేగానీ, మీ ఆఫ్రికాలో సింహం ఆవుని తినేస్తే ఏం చేస్తారు?”

“కెన్యాలో 2013లో చట్టం చేశారండి. ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వాలి.”

“ఇస్తారా?”

“దరఖాస్తు పెడతారు. ఏళ్ళు పడుతుంది.”

“అయితే మన ఆఫీసులే,” అని ఆయన స్థిమితపడ్డాడు.

బావకి ఉత్సాహం వచ్చింది. నైరోబీ నేషనల్ పార్కు పక్కనుండే రిచర్డ్ తురేరె అనే మసాయి కుర్రాడి కథ ఎత్తుకున్నాడు. సింహాలు వాళ్ళ కొట్టంలో ఆవుల్ని చంపుతుంటే, పాత కారు బ్యాటరీ, సోలార్ పలక, మోటార్ సైకిల్ ఇండికేటర్ డబ్బా కలిపి, కొట్టం చుట్టూ మిణుకుమిణుకుమనే లైట్లు పెట్టాడు. మనిషి టార్చి పట్టుకుని తిరుగుతున్నాడనుకుని సింహాలు రావడం మానేశాయి. 2013లో ఆ కుర్రాణ్ణి అమెరికా పిలిపించి వేదికెక్కించారు.

రైతు గ్లాసు కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఇండికేటర్ డబ్బా ఎంతవుద్దని అడిగాడు. సోలార్ పలక ఎన్ని వాట్లదని అడిగాడు. టీ కొట్టాయన దగ్గర పెన్ను తీసుకుని పేపరు అంచు మీద బావ చేత బొమ్మ కూడా వేయించాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోతూ ఆగాడు.

“సింహం రాత్రి వస్తదండి. గూడబాతు పగలొచ్చుద్ది. పగలు పనిచేసే లైటుంటే చెప్పండి, ఇప్పుడే కొంటాను.”