హుండీ ఉంది, టికెట్టు లేదు

థాయిలాండ్ వెళ్ళొచ్చినవాళ్ళ ఫొటోలు మీ వాట్సాప్‌లోకీ వచ్చే ఉంటాయి. పట్టాయాలో పడవ, ఫుకెట్‌లో ఇసుక, బ్యాంకాక్‌లో బంగారు గోపురం ముందు కుటుంబమంతా వరసగా నిలబడి నవ్వడం, మధ్యలో ఇండియన్ హోటల్లో బటర్ నాన్. తప్పేం లేదు లెండి. ఉన్నవి నాలుగు రోజులు, పైగా ట్రావెల్స్ వాడి బస్సు తెల్లారకముందే హారన్ కొడుతుంది. ఈసారి వెళ్తే మాత్రం ఒక్క రెండు రోజులు ఆ బస్సుకి ఎగనామం పెట్టండి. పల్లెల వైపు పోదాం. అక్కడ చూసేదానికి కాణీ ఖర్చు లేదు.

కాణీ ఖర్చు లేదనగానే మనవాళ్ళకి అనుమానం. ఊరికే చూపిస్తున్నారంటే అక్కడ చూడ్డానికేం ఉంటుంది, లేకపోతే ఎక్కడో ఏదో మెలిక ఉండే ఉంటుంది అని. మెలిక ఉన్నమాట నిజమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు లెక్క చూద్దాం. బ్యాంకాక్ రాజభవనం, అందులోని మరకత బుద్ధుడి గుడి చూడాలంటే విదేశీయులకి తలకి 500 బాత్‌లు. బాత్ అంటే మన రెండున్నర రూపాయల పైమాటే. నలుగురు వెళ్తే గుమ్మంలోనే అయిదు వేల పైన చదివించుకోవాలి. చూడదగ్గదే, కాదనను. కానీ దేశం మొత్తమ్మీద గుళ్ళు నలభై వేల దాకా ఉన్నాయి. వాట్ అంటారు వాళ్ళు. టికెట్టు పెట్టేవి అందులో పేరు మోసిన ఏ కొద్దో. మిగతావాటికి గేటు ఉన్నా మూసేవాళ్ళుండరు. సాకలేమనుకున్న కుక్కల్నీ పిల్లుల్నీ కూడా జనం తెచ్చి గుళ్ళోనే వదిలేసి పోతుంటారు. భిక్షువులు తినగా మిగిలిన అన్నంతో అవి హాయిగా బతికేస్తుంటాయి.

వాట్ అంటే ఒక్క కట్టడం అనుకునేరు. ఊరుమ్మడి వాకిలి అది. నడిమధ్య ఉబోసోత్ అనే మందిరం, కొత్త భిక్షువులకి దీక్ష ఇచ్చేది అందులోనే. దాని చుట్టూ ఎనిమిది దిక్కులా సీమ రాళ్ళుంటాయి. ఆ రాళ్ళ కింద, మందిరం మధ్యన, మొత్తం తొమ్మిది గుండ్రటి రాతి బంతులు పాతిపెట్టి ఉంటాయి. పాతే ముందు కొన్నాళ్ళు వాటిని బయట పెడతారు. ఊరూవాడా వచ్చి వాటికి బంగారు రేకులు అతికించి పోతారు. ఇంకా విహారం, చేది అనే స్తూపం, గంట మండపం, భిక్షువుల కుటీరాలు, బోధి చెట్టు, నాలుగు వైపులా గాలాడే పెద్ద శాల. చాలాచోట్ల పక్కనే బడి కూడా.

ఓ మూలగా పొడుగాటి పొగగొట్టం కనబడుతుంది. వంటశాల కాదండీ, దహనవాటిక. మన దగ్గర వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా గుడి తలుపులు తియ్యరు. అక్కడ శవాన్ని పెట్టేదీ గుడి శాలలోనే, కాల్చేదీ ఆ ఆవరణలోనే, అస్థికలు దాచేదీ ఆ ప్రహరీగోడ గూళ్ళలోనే. గూటికి ముందు ఓ చిన్న ఫొటో ఉంటుంది. దాని పక్కనుంచే బడి పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతుంటారు. నాకైతే ఏ గోపురం కన్నా ఇదే ఎక్కువసేపు చూడబుద్ధవుతుంది. మన అమరావతిలో, నాగార్జునకొండలో బుద్ధుడు మ్యూజియంలో ఉంటాడు. థాయిలాండ్ తొలినాళ్ళ ద్వారవతి రాజ్యపు శిల్పాల్లో మన అమరావతి ఛాయలున్నాయని చరిత్రకారులు చెబుతారు గానీ, వాళ్ళ బుద్ధుడు మాత్రం పుట్టిన పిల్లాడి దగ్గర్నుంచి పోయిన ముసలాయన దాకా అందరితోనూ ఊళ్ళోనే కాపురముంటున్నాడు.

ఇంతకీ ఆ మెలిక. ఇదంతా ఊరికే నడుస్తుందా? నడవదు. ప్రహరీగోడ దగ్గరికి వెళ్ళి చూడండి. గోడ మీద పేర్లుంటాయి, పేరు పక్కన అంకెలు. ఫలానా వారు 500 బాత్‌లు, ఫలానా కుటుంబం 3,000 బాత్‌లు. సిమెంటు బెంచీ మీదా అంతే, మెట్ల మీదా అంతే. మన గుళ్ళలో ట్యూబులైటు మీద దాత పేరు వెలుతురు కన్నా ముందు కనబడుతుంది కదా, అచ్చం ఆ బాపతే. అక్కడ బాత్‌ల లెక్కతో సహా రాస్తారు, మొహమాటం లేదు.

ఆ డబ్బు పోగయ్యేదానికీ ఓ రుతువుంది. ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచి మూడు నెలలు భిక్షువులు ఊరు కదలరు, మన స్వాముల చాతుర్మాస్యం లాగే. ఆ వర్షావాసం ముగిశాక నెల్లాళ్ళ పాటు ‘కఠిన’ అనే వస్త్రదాన వేడుకలు. ఊరివాళ్ళు, పట్నంలో స్థిరపడ్డ ఆ ఊరి పిల్లలు, ఆఫీసు స్నేహితులు కలిసి భిక్షువులు కట్టుకునే కొత్త చీవరాలు తెస్తారు. డప్పులు, ఆటపాటలు, వాటి వెనకాల కరెన్సీ నోట్లు మడిచి ఆకుల్లా గుచ్చిన డబ్బుచెట్టు. ఆ నెల ముగిసేది లోయ్ క్రతోంగ్ నాడు. అరటిబోదె ముక్క మీద పూలు, దీపం పెట్టి నీళ్ళల్లో వదులుతారు. చాలా ఏళ్ళు అది మన కార్తీక పౌర్ణమి నాడే వస్తుంది. గోదావరిలో అరటి దొప్పల దీపాలు వదిలినవాళ్ళెవరికీ అక్కడ కొత్తనిపించదు.

కాబట్టి మనం చూసేది ఉచితమే గానీ, ఆ ఖర్చు మనకన్నా ముందు ఎవరో పెట్టేశారన్నమాట. మెలిక అంతే.

ఇక చూడాల్సినవి. ఉత్తరాన లావోస్ సరిహద్దు దగ్గర నాన్ అనే ఊరుంది. అక్కడి వాట్ ఫూమిన్‌కి 1596లో పునాది పడిందంటారు. బయట రెండు నాగులు గుడిని వీపున మోస్తున్నట్టు కట్టారు. ఒక పక్క తలలు, అవతలి పక్క తోకలు. లోపల నాలుగు బుద్ధ విగ్రహాలు వీపులు ఆనించుకుని నాలుగు ద్వారాల వైపు చూస్తుంటాయి. మీరు మాత్రం గోడల వైపు చూడండి. 19వ శతాబ్దం చివర గీసిన బొమ్మలవి. పేరుకి జాతక కథలు. నిజానికి ఆ చిత్రకారుడు ఊరి సంగతులన్నీ గోడకెక్కించాడు: నేత నేసే ఆడవాళ్ళు, వాళ్ళ చుట్టూ తిరిగే కుర్రాళ్ళు, టోపీల దొరలు, పొగ ఓడ.

ఒకచోట దాదాపు మనిషెత్తు జంట ఉంటుంది. అతని ఒంటి మీద పచ్చబొట్లు, తలకి గుడ్డ. ఒక చెయ్యి ఆమె భుజం మీద. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆమె పూర్తిగా వింటున్నట్టూ లేదు, వద్దంటున్నట్టూ లేదు. చూపు పక్కకి. ఏం చెబుతున్నాడన్నది నూరేళ్ళు దాటినా ఎవరికీ తెలియదు. ఆ జంట ఇప్పుడు ఊళ్ళో ప్రతి టీషర్టు మీదా, కప్పు మీదా ఉంది. అసలు బొమ్మని చూడ్డానికి మాత్రం ఇప్పటికీ పైసా అడగరు.

అంతదూరం ఓపిక లేదంటారా? బ్యాంకాక్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి వచ్చేసేంత దగ్గర్లో, సముత్ సోంగ్‌ఖ్రామ్‌లో వాట్ బాంగ్ కుంగ్ ఉంది. చిన్న మందిరం. దాన్ని రావి, మర్రి జాతి చెట్ల వేళ్ళు నలువైపులా చుట్టేసి, బయటికి కిటికీలు మాత్రమే మిగిల్చాయి. వేళ్ళు వదిలేస్తే గోడలు నిలబడతాయో లేదో! పక్కనే మేక్లాంగ్‌లో రైలు పట్టాల మీద పెట్టే సంత కూడా ఉంది. రైలు రాగానే గొడుగులు ముడుచుకుని, అది పోగానే మళ్ళీ విప్పుతారు. సరదాగానే ఉంటుంది గానీ ఆ కాసేపట్లో రైలు కన్నా సెల్‌ఫోన్లే ఎక్కువ కనబడతాయి. తూర్పున ఉబోన్‌లో వాట్ తుంగ్ సీ ముయాంగ్ చూడండి. తాళపత్రాలకి చెదలు, చీమలు పట్టకుండా చెరువు మధ్యలో చెక్కతో గ్రంథాలయం కట్టారు. ఆ పక్క జిల్లా సీసాకెట్‌లో మరో వింత: 1984 నుంచి భిక్షువులు ఖాళీ బీరు సీసాలు పోగుచేసి, లక్షల సీసాలతో గుడి కట్టారు. మద్యం ముట్టనని అయిదో శీలంగా పుచ్చుకునే చోట గోడల నిండా బీరు సీసాలు! మరుగుదొడ్లు కూడా వాటితోనే.

ఒక్క మాట. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టముల్లో ఏ రోజు కుదిరినా పొద్దున్నే పల్లెగుడికి వెళ్ళండి. అది వాళ్ళ పుణ్యదినం. శాలలో తెల్లబట్టల ముసలమ్మలు చాపల మీద కూర్చుని ఉంటారు. భిక్షువులు మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టరు గనక వాళ్ళ భోజనం ముందే అయిపోతుంది. మిగిలింది అందరూ కలిసి తింటారు. నాన్ దగ్గర ఓ పల్లెలో నేను గుమ్మం దగ్గర నిలబడి పైకప్పు చూస్తుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని చాప మీద కూలేసింది. వెదురు బుట్టలోంచి జిగురన్నం ముద్ద తీసి పెట్టింది, అరటిపండు పెట్టింది. మధ్య మధ్య ఏదో అడిగేది, నేను తలూపేవాణ్ణి. పెళ్ళయిందా, పిల్లలెంతమంది అనే అడిగుంటుంది, ఆ వయసువాళ్ళు ఇంకేం అడుగుతారు?

సరే, సంతకి పోదాం. తలాత్ నత్ అంటే అచ్చంగా మన వారపు సంతే. ఇవాళ ఈ ఊళ్ళో, రేపు పక్కూళ్ళో. చాలాసార్లు గుడి స్థలంలోనే పెడతారు. పొద్దుటి సంతైతే తెల్లారకముందే మొదలు. భిక్ష వెయ్యడానికి కూర, అన్నం, పువ్వులు కలిపి అక్కడే అమ్ముతారు. కూరని ప్లాస్టిక్ సంచిలో పోసి, కాస్త గాలి పట్టించి, మెడ మెలిపెట్టి రబ్బరు బ్యాండు చుట్టేసే పద్ధతి చూసి తీరాల్సిందే. వేళ్ళు రెండు తిరుగుళ్ళు తిరుగుతాయి, సంచి బుగ్గలా ఉబ్బి నిలబడుతుంది, చుక్క కారదు. అది పట్టుకుని రోడ్డు పక్కకి వస్తారు, చెప్పులు విప్పుతారు, చెప్పుల్లేకుండా వచ్చే భిక్షువు పాత్రలో వేసి మోకాళ్ళ మీద కూర్చుంటారు. దీవెన అయ్యాక ఎవరి పనికి వాళ్ళు.

కూరల వరస మనకి సగం చుట్టాలే. తూటికూర, అవిసె పూలు, అరటి పువ్వు, మునక్కాయ, కాకర, పచ్చి చింతకాయ, తాటి ముంజలు. సరస్వతి ఆకు రసం తీసి గ్లాసుల్లో పోస్తారు. పక్కనే తులసి కట్టలు. పూజకి కాదు సుమండీ, మాంసంతో వేపుకోవడానికి! కోట కట్టి దీపం పెట్టే ఇంట పుట్టినవాళ్ళకి ఆ వాసన పొయ్యి మీంచి వస్తే కాసేపు ఏం పాలుపోదు. ఈశాన్యం జిల్లాల్లోనైతే ఎర్రచీమల గుడ్లు, వేయించిన మిడతలు, ఊరబెట్టిన చేప కూడా. చూడ్డానికి డబ్బులు లేవు, తినమని బలవంతమూ లేదు.

శాకాహారులకి నేను చెప్పేది ఖనోమ్ క్రోక్. గుంటల పెనం మీద బియ్యప్పిండి, కొబ్బరిపాలు పోసి కాల్చేది. గుంత పొంగణాలకి చెల్లెలనుకోండి. ముందు ఉప్పగా ఉండే పిండి, అది అంచుల్లో పట్టుకోగానే మీద తీపి కొబ్బరిపాలు, పైన ఉల్లికాడలో, మొక్కజొన్న గింజలో. అంచు కరకర, నడుమ ఇంకా జారుతూ ఉండగానే చెంచాతో లేపి, రెండేసి బోర్లించి ఆకులోనో డబ్బాలోనో పెడుతుంది ఆ అమ్మాయి. ఆగండి, వెంటనే నోట్లో వేసుకుంటే నాలుక కాలుతుంది. మిగతావాటికి పసుపు రంగు మీద ఎర్రక్షరాల జెండా ఎక్కడుందో చూసుకోండి. అది శాకాహారానికి గుర్తు, వాళ్ళు జే అంటారు. జెండా లేని కొట్లో ‘మాంసం వద్దు’ అంటే చేపల సాసు మాంసం కిందికి రాదని వాళ్ళ లెక్క.

సాయంత్రం సంతలో ఉంటే ఆరు గంటలకి చెవులు రిక్కించండి. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి లౌడ్‌స్పీకరులో జాతీయగీతం వస్తుంది. చేపలు కోసే కత్తి ఆగుతుంది, బేరం ఆగుతుంది, నడిచేవాళ్ళు నడిచినచోటే నిలబడిపోతారు. మీరూ నిలబడండి. పాట అవ్వగానే కత్తి మళ్ళీ మొదలు.

మర్యాదలు మనకి ఒకరు చెప్పక్కర్లేదు: చెప్పులు బయట, భుజాలు మోకాళ్ళు కప్పుకోవడం, గడప తొక్కకపోవడం, కాళ్ళు దేవుడి వైపు చాపకపోవడం. ఆడవాళ్ళు భిక్షువుని తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే ఆయన గుడ్డ పరుస్తాడు, దాని మీద పెట్టాలి. ఏటి ఒడ్డు గుళ్ళయితే ముందున్న నీళ్ళలో చేపలు పట్టడం నిషేధం. అది వాటికి అభయదానం ఇచ్చిన చోటు. రేవు దగ్గర మేత పొట్లం కొని విసిరితే చేపలు నీళ్ళు కనబడనంతగా ఎగబడతాయి. పిల్లల్ని అక్కణ్ణుంచి కదిలించడం మీ తరం కాదు.

పోను రాను రెండు వరసల బెంచీలుండే సోంగ్‌థేవ్ బళ్ళున్నాయి, మూడో తరగతి రైళ్ళున్నాయి. బయల్దేరే ముందు పెద్ద నోట్లు మార్చుకుని ఇరవై బాత్‌ల నోట్లు ఓ కట్ట జేబులో వేసుకోండి. వాళ్ళ నోట్లలో చిన్నది అదే. ఖనోమ్ క్రోక్‌కి ఒకటి, చేపల మేతకి ఒకటి, వచ్చేటప్పుడు హుండీలో రెండు. వెయ్యి నోటు చూపిస్తే ఆ సంతలో ఎవరి దగ్గరా చిల్లర ఉండదు.