అత్తగారూ, నైలు నదీ

కంపాలా వచ్చిన మర్నాడే మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ నది ఉందా?" అని. ఆవిడ రాజమండ్రి మనిషి. పెళ్ళయినప్పటి నుంచీ గోదావరి కనపడని రోజు ఆవిడకి లెక్కలోకి రాదు.

"నైలు నది ఉందమ్మా. గాంధీగారి అస్థికలు కొన్ని 1948లో జింజా దగ్గర అందులోనే కలిపారు" అన్నారు మావారు. "అయితే మన నదే" అని తేల్చేశారావిడ.

మావగారు పోయి ఏడాది దాటింది. అప్పటినుంచీ అత్తగారు అన్నిట్లోనూ వెనక్కి తప్పుకున్నారు. దీపం కూడా నన్నే పెట్టమంటారు. ఎదురు రావాల్సి వస్తే గోడవారన ఆగిపోతారు. ఎవరూ వద్దనలేదు, ఆవిడకి ఆవిడే. అందుకే పిల్లల సెలవుల్లో మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కుకి వెళ్దాం అన్నప్పుడు, "మీరు వెళ్ళి రండి" అంటారనుకున్నాను. నది పేరు చెప్పగానే సంచి సర్దుకున్నారు.

కంపాలా నుంచి సుమారు 300 కిలోమీటర్లు. నీలం, నలుపు రంగు బట్టలు వద్దని ముందే చెప్పారు, ఆ రంగులకి సెట్సీ ఈగలు వస్తాయట. ఆవిడకున్న మంచి చీరల్లో సగం నీలాలే! తెల్ల జరీ అంచువి రెండు పెట్టాను. పులిహోర డబ్బా మాత్రం కారు అద్దాలు ఎత్తి లోపలే తిన్నాం. దారి పక్కన కూర్చునే బబూన్లు మన తిరుమల కోతులకి పెద్దన్నలు.

ఉత్తరపు ఒడ్డున తెల్లవారుజామున జీపులో తిరిగాం. సింహం కనిపించిందా అని అందరూ అడుగుతారు. కనిపించింది, దూరంగా, పడుకుని. నాకు గుర్తుండిపోయింది మాత్రం తాటిచెట్లు. కనుచూపుమేరా గడ్డి, మధ్య మధ్య తాటిచెట్లు, వాటి కింద జిరాఫీలు! పశ్చిమ గోదావరి పొలాల్లోకి ఎవరో జిరాఫీలని తోలినట్టుంది. ఏనుగులు ఆ పండ్లు తిని పోయిన చోటల్లా టెంకలు మొలుస్తాయని గైడు చెప్పాడు. "ముంజలు తీస్తారా వీళ్ళు?" అని అత్తగారి ఆరా. అడవిపందులు ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద నడుస్తూ మేస్తుంటే చాలాసేపు చూశారు. "వీటికి నొప్పులుండవు కాబోలు" అని తన మోకాలు నిమురుకున్నారు.

మధ్యాహ్నం పరా రేవు నుంచి పడవ. జలపాతం అడుగుదాకా ఎదురు వెళ్ళి రావడానికి మూడు గంటలు. నీటిగుర్రాలు చెవులూ కళ్ళూ మాత్రం పైకి పెట్టి గుంపులు గుంపులుగా ఉన్నాయి. మొసళ్ళు ఇసుక మీద నోళ్ళు తెరుచుకుని కదలకుండా పడున్నాయి. ఒంటి వేడి తగ్గించుకోవడానికట అలా. నిటారుగా ఉన్న మట్టిగట్టు నిండా బొరియలు, వాటిలోంచి ఎర్ర గొంతు పిట్టలు దూసుకొస్తున్నాయి. నీళ్ళ మీద సబ్బు నురగలాంటి తెల్లటి ముద్దలు ఎదురొస్తుంటే, జలపాతం దగ్గరికి వచ్చేస్తున్నామన్నాడు గైడు.

అప్పుడు అత్తగారు సంచిలోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. పసుపు కుంకుమ. "నదికి నువ్వు వెయ్యి, అమ్మాయ్."

"మీరే వెయ్యండి అత్తయ్యా. ఇక్కడ చూసేదెవరు?"

"అన్ని నీటిగుర్రాలు చూస్తుంటేనూ!" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ చెయ్యి మాత్రం చాచలేదు. ఇంతలో నీళ్ళలో ఏమీ వెయ్యకూడదని గైడు చెప్పాడు. పొట్లం సంచిలోకి వెళ్ళిపోయింది. కాలు తడుపుకోవడానికీ లేదు, మొసళ్ళు. నది మధ్యన కూర్చుని నీళ్ళు ముట్టుకోకుండా రావడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

మర్నాడు తిరుగు దారిలో కారులో జలపాతం పైకి వెళ్ళాం. అంత పెద్ద నైలు అక్కడ ఏడు మీటర్ల వెడల్పు రాతి సందులోకి ఇరుక్కుని, 43 మీటర్ల లోతుకి పడుతుంది. పడడం కాదు, ఎవరో తోసినట్టుంటుంది. కాళ్ళ కింద నేల అదురుతుంది, పక్క మనిషి మాట వినపడదు. 1864లో శామ్యూల్ బేకర్, జ్వరాలతో నీరసపడ్డ ఫ్లోరెన్సూ కలిసి దీన్ని చూశారు. పేరు మాత్రం లండన్‌లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు మర్చిసన్‌ది పెట్టారు. అంత దూరం పడవలో ఆయనతో వచ్చిన మనిషి పేరు పెట్టి ఉండొచ్చుగా అనిపించింది నాకు.

కమ్మీ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాం. గాలి తిరగ్గానే తుంపర మా మీదికి వచ్చి పడింది. పిల్లలు కేకలు పెడుతూ వెనక్కి పరిగెత్తారు. అత్తగారు కదల్లేదు. తల మీద కొంగు తీసేసి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ దోసిలి పట్టి నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి. తర్వాత అడిగితే, గంగ, యమున, గోదావరితో మొదలుపెట్టి అన్ని నదుల పేర్లూ చెప్పి చివర నైలు కూడా కలిపానన్నారు.

పూర్తిగా తడిశాక సంచిలో పొట్లం వెతికి తీశారు. నాకిస్తారని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. తనే విప్పి, వేలితో కుంకుమ అద్ది, నా నుదుట పెట్టారు. ఏడాది తర్వాత.

ఆ తుంపరలో కుంకుమ ఎక్కడ ఆగుతుంది? ముక్కు మీదికి కారిపోయింది. మావారు ఫోను పైకెత్తారు. "ఆగరా, ముందు దీని మొహం తుడవనీ" అని ఆవిడ తడికొంగు పట్టుకుని నా వైపు తిరిగారు.