మా వెండి నాణేల షోకు

ఉర్దూలో 'షౌఖ్' అనే మాటకు అభిరుచి, మక్కువ అని అర్థం. ఆ మాటే తెలుగులోకి వచ్చి 'షోకు' అయింది. అయితే అర్థం కొంత తేలికపడి, వేషభాషల సోకుగా మారిపోయింది. మా నాణేల సేకరణను చూచి ఇంటివారు 'షోకు' అన్నప్పుడు వారు తెలుగు అర్థంలోనే అన్నారని మాకు తెలుసు. మేము మాత్రం ఉర్దూ అర్థంలోనే తీసుకొని ఊరుకున్నాము. ఈ రెండు అర్థాలలో ఏది నిజమో తేల్చుకొనేందుకు మాకు పది సంవత్సరాలు పట్టింది. ఆ సంగతి విన్నవించుకొనేందుకే ఈ వ్యాసం.

మా మాతామహులు యౌవనంలో సరుకు ఓడలలో పనిచేసి, జపాను రేవులు చూచి వచ్చినవారు. మేము ఎం.ఏ. ఉత్తీర్ణులమైన సంవత్సరం వారు తమ ఇనుపపెట్టె తెరచి, చేతిరుమాలులో చుట్టిన ఒక వెండి బిళ్ళను మా చేతిలో పెట్టారు. ఒకవైపు ఫూజీ పర్వతం, దాని చుట్టూ చెర్రీ పూలు. రెండవవైపు ఒలింపిక్ వలయాలు. అది 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలకు జపాను ప్రభుత్వం విడుదల చేసిన వేయి యెన్‌ల నాణెం. బరువు 20 గ్రాములు. అందులో నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి. స్మారక నాణేలను ముద్రించడం జపానులో ఆ సంవత్సరమే మొదలయింది.

చదువుకొన్నకొద్దీ ఆ నాణెం మాకు పెద్దదవుతూ వచ్చింది. 1940లో జరగవలసిన ఒలింపిక్ క్రీడలు టోక్యోకే దక్కాయి. కాని చైనాతో యుద్ధం సాగుతూ ఉండగా 1938లో జపాను వాటిని వదులుకొన్నది. తరువాత ఓటమి, బూడిద, ఆకలి. 1945 ఆగస్టు 6న, హిరోషిమా మీద అణుబాంబు పడిన నాడు, అదే జిల్లాలో పుట్టిన యొషినోరి సకాయ్ అనే యువకుడు 1964లో చివరి జ్యోతిని చేతబట్టి మెట్లెక్కి దానిని వెలిగించాడు. ఆసియా ఖండంలో ఒలింపిక్ క్రీడలు జరగడం అదే మొదటిసారి. ఆ వేడుకకు గుర్తుగా వేయి యెన్‌ల నాణేలు కోటిన్నర, నూరు యెన్‌ల నాణేలు ఎనిమిది కోట్లు ముద్రించారు. వాటికోసం జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. పందొమ్మిదేళ్ళ క్రితం సర్వం పోగొట్టుకొన్న ఆ ప్రజలు వెండి కోసమే నిలబడ్డారని మేము అనుకోము; తాము మళ్ళీ లేచి నిలిచామనడానికి ఒక సాక్ష్యం కోసం నిలబడ్డారు.

భాషను బోధించేవారమై ఉండి మాటల వద్ద ఆగకుండా పోలేము. మన 'రూపాయి' సంస్కృతంలోని 'రూప్యం' నుంచి వచ్చింది, రూప్యమంటే వెండి. జపాను భాషలో వెండిని 'గిన్' అంటారు. బ్యాంకును 'గింకో' అంటారు; అందులో మొదటి అక్షరం వెండిదే. టోక్యోలో ప్రసిద్ధమైన గింజా వీధికి ఆ పేరు 1612లో అక్కడ నెలకొన్న వెండి టంకశాల వల్ల వచ్చింది. ఎంతో దూరాన ఉన్న రెండు దేశాలూ ధనానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు వెండినే తలచుకొన్నాయి.

మమ్మల్ని ఆకర్షించిన మరొక విశేషం ఉంది. జపాను నాణేల మీద చక్రవర్తి ముఖం ఉండదు. 1986లో చక్రవర్తి పాలన అరవయ్యవ సంవత్సరానికి పదివేల యెన్‌ల వెండి నాణేలు విడుదలయ్యాయి. వాటి మీద కూడా ఆయన రూపం లేదు. మన హైదరాబాదు రాజ్యంలో మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు రూపాయి మీద కూడా నిజాము ముఖం కనిపించదు; చార్మినార్ కనిపిస్తుంది. దానిమీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలనా సంవత్సరం ఉన్నట్లే, జపాను నాణెం మీద చక్రవర్తి శకం ఉంటుంది. షోవా శకపు అంకెకు 1925, హేసేయ్ శకానికి 1988, రేవా శకానికి 2018 కలిపితే క్రీస్తు సంవత్సరం వస్తుంది. మా ఒలింపిక్ నాణెం షోవా 39 నాటిది. ఈ చిన్న కూడిక తెలియక ముప్పై తొమ్మిదో సంవత్సరమని భ్రమపడేవారిని చూచాము.

తెలిసినవారమని మేము గర్వించిన సమయంలోనే మాకు పరాభవం జరిగింది. 1871లో ఒసాకాలో ఆధునిక టంకశాల ప్రారంభమైన తరువాత డ్రాగన్ బొమ్మ గల వెండి యెన్‌లు వచ్చాయి. అటువంటి దానిని ఒక వర్తకుని వద్ద నెల జీతంలో ఐదవ వంతు పోసి కొన్నాము. ఇంటికి తెచ్చి కంసాలి త్రాసులో పెట్టించితే ఇరవై మూడు గ్రాములైనా తూగలేదు. అసలు నాణెం బరువు 26.96 గ్రాములు. కంసాలి ఒక్క మాట కూడా అనలేదు. దానిని తిరిగి మా అరచేతిలో పెట్టి, తన పనిలో తాను పడ్డాడు. నాటినుంచి త్రాసు లేనిదే కొనరాదని నియమం పెట్టుకొన్నాము. అంతటి జపానుకే ఇటువంటి అనుభవం తప్పలేదు. 1986 నాటి లక్ష యెన్‌ల బంగారు నాణెంలో బంగారం 20 గ్రాములే. ముఖవిలువకు, లోహం విలువకు నడుమ పెద్ద అగాధం ఉండడంతో దొంగలు ఆశపడ్డారు. 1990లో లక్షకు పైగా నకిలీలు బయటపడ్డాయి.

ఆ తరువాత మా దృష్టి ఒకే వరుస మీద నిలిచింది. స్థానిక స్వపరిపాలన చట్టానికి అరవై సంవత్సరాలు నిండిన సందర్భంగా జపాను 2008 నుంచి 2016 వరకు తన నలభై ఏడు రాష్ట్రాలకు నలభై ఏడు వేయి యెన్‌ల నాణేలను విడుదల చేసింది. ఒక్కొక్కటి 31.1 గ్రాముల స్వచ్ఛమైన వెండి; దానిమీద రంగులద్దిన చిత్రం. ఒక్కొక్క రకం లక్ష మాత్రమే. ఒక వైపు అన్నింటికీ సమానంగా మంచు, చంద్రుడు, పూలు. రెండవ వైపు హొక్కయిడోకు సరస్సు మీద ఎగిరే కొంగలు, క్యోటోకు గెంజి కథ చిత్రపటం. షిమానె నాణెం మీద ఒక పాత వెండి ముద్ద కనిపిస్తుంది. ఆ రాష్ట్రంలోని ఇవామి గనుల వెండి ఒకప్పుడు సముద్రాలు దాటింది. ఆ గనులు 1923లో మూతబడ్డాయి. ఆరిపోయిన గనిని వెండి మీదనే చెక్కి గౌరవించడం మాకెంతో నచ్చింది.

ఇంకొక నాణెం 2011 మార్చి 11 నాటి భూకంపాన్ని, సముద్రపు ఉప్పెనను స్మరించేది. రికుజెన్‌తకత పట్టణపు తీరాన సుమారు డెబ్బై వేల పైన్ వృక్షాలుండేవి. ఉప్పెన తరువాత ఒక్కటి నిలిచింది. ఉప్పునీటికి వేళ్ళు కుళ్ళి అది కూడా 2012లో చనిపోయింది. ఆ ప్రజలు దానిని వదలుకోలేదు. శుద్ధిచేసి, లోపల ఆధారం పెట్టి, 2013లో ఉన్నచోటనే నిలబెట్టారు. పునర్నిర్మాణ నాణెం మీద ఆ చెట్టు, పావురాలు ఉన్నాయి. స్మారకమంటే విజయం మాత్రమే కాదని ఆ నాణెం కోసం వెతుకుతున్న రోజులలో మాకు తెలిసింది.

అప్పటికి మా వద్ద రాష్ట్రాల నాణేలు పందొమ్మిది, ఒలింపిక్ నాణెం ఒకటి ఉన్నాయి. ఒక రంజాను మాసంలో వాటిని తుడిచి పేర్చుతుండగా మా తల్లిగారు వచ్చి కూర్చున్నారు. "ఇన్ని ఊళ్ళ వెండి తెచ్చి పెట్టుకున్నావు గదా బేటా, దీని జకాత్ లెక్క చూశావా?" అన్నారు.

మేము చూడలేదు. బ్యాంకులోని సొమ్ముకు ఏటా లెక్క కడుతూనే ఉన్నాము. నాణేలను మాత్రం పుస్తకాల వలె, చిత్రాల వలె భావించి వదలివేశాము. వెంటనే కాగితం తీసుకొన్నాము. పందొమ్మిది నాణేల వెండి 590.9 గ్రాములు, ఒలింపిక్ నాణెంలో 18.5, వెరసి 609.4. వెండికి నిసాబు యాభై రెండున్నర తులాలు, అనగా 612 గ్రాముల చిల్లర. మూడు గ్రాములు తక్కువ! మా ప్రాణం తేలికపడింది. ఆ సంతోషాన్నే మోసుకొని మాకు తెలిసిన ఆలిం గారి వద్దకు వెళ్ళాము.

వారు కాగితం చూచి చిరునవ్వు నవ్వారు. "లెక్క బాగుంది సార్. అయితే బ్యాంకులోని డబ్బు మీది కాదా? ఆ సొమ్మును, ఈ వెండిని కలిపి గదా చూడవలసింది!" అన్నారు. వెండి మీద ఏ బొమ్మ చెక్కినా వెండి వెండే అని కూడా చెప్పారు. బంగారాన్ని, వెండిని కూడబెట్టి దైవమార్గంలో వెచ్చించనివారిని ఖురాన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మేము చిన్ననాటి నుంచి వింటున్నదే. తెలియక చేసిన పొరపాటు కంటే, మూడు గ్రాముల చాటున దాక్కొన్నందుకు మాకు ఎక్కువ సిగ్గు కలిగింది.

గడచిన సంవత్సరాల బాకీ అంతా నూటికి రెండున్నర చొప్పున లెక్కగట్టాము. జీతంలోంచి తీసి ఇవ్వవచ్చును. కాని నాణేల బాకీ నాణేలే తీర్చడం న్యాయమనిపించి, క్యోటో నాణేన్ని అమ్మివేశాము. అన్నింటిలో మాకు ఇష్టమైనది అదే. ఆ సొమ్ము ఎవరికి చేరిందో చెప్పడం మర్యాద కాదు. తరువాతి సంవత్సరం పైన్ చెట్టు నాణెం దొరికింది. దాని బరువును ఇంటికి తెచ్చిన రోజుననే లెక్కల పుస్తకంలో వ్రాసుకొన్నాము.

విద్యార్థులారా! ఏదో ఒక సేకరణ మీకూ ఉండాలని మా కోరిక. తపాలా బిళ్ళలైనా సరే, పాత పుస్తకాలైనా సరే. ఒక వస్తువును చేతబట్టి దాని వెనుక ఉన్న ప్రజలను తెలుసుకొనే చదువు తరగతి గదిలో దొరికేది కాదు. కొనేముందు తూచండి. తూచిన తరువాత అందులో ఇతరుల పాలు ఎంతో కూడా లెక్క చూడండి. ఆ లెక్క చూచిన నాటి నుంచి మా తల్లిగారు మా నాణేలను 'షోకు' అనడం మానివేశారు. మొన్న చుట్టాలెవరో వస్తే వారికి "మా అబ్బాయి షౌఖ్" అని చెప్పడం మా చెవిన పడింది.