పేరు కనబడని కెమెరా

వీధిలో ఫొటోలు తీసేవారు కెమెరా మీది కంపెనీ పేరుకు నల్ల టేపు అంటించడం చాదస్తమని కొందరంటారు; జనం చూసేది ఎత్తిన చేతినీ లెన్సునీ కదా అని. నిజమే, కానీ సగమే. మెరిసే అక్షరాలు కెమెరా ఖరీదును కూడా చాటుతాయి. అది గమనించిన మనిషి ముఖం బిగుసుకుంటుంది. ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ తన లైకా కెమెరాలో మెరిసే భాగాలను నల్ల టేపుతో కప్పేవారు. 2018లో వచ్చిన లైకా ఎం10-పి ముందువైపు ఆ కంపెనీ గుర్తయిన ఎర్రచుక్కే లేదు.

ఇలా పేరు దాచడం మోసం కాదా అన్న ప్రశ్నను మాత్రం తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938 నుంచి న్యూయార్క్ సబ్‌వేలో కోటు లోపల కెమెరా దాచి, గుండీల మధ్య నుంచి ఎదుటి ప్రయాణికులను ఫొటోలు తీశారు. గొప్ప చిత్రాలే, అయినా వద్దనే అవకాశం అక్కడ ఎవరికీ దక్కలేదు. టేపు వేసిన కెమెరా మెడలో అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఇష్టం లేనివారు తల తిప్పుకోవచ్చు, చెయ్యి అడ్డం పెట్టవచ్చు. ఆ వీలు మిగిలినంతవరకు నేను టేపు పక్షమే.