తప్పు హీరోది కాదు!

సినిమాలో కారు మొరాయిస్తే వానొస్తుంది, వెనకాలే పాటొస్తుంది. మా సిద్దిపేటలో మొరాయిస్తే ఏమొస్తుంది? పక్కింటివాళ్ల సలహాలొస్తాయి!

మా బాపుకు ఓ పాత పెట్రోలు కారుంది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సినిమాలకు తిప్పిన బండి. అమ్మ పోయాక దాన్ని తుడవడం కూడా ఎవరికీ అప్పజెప్పడు. మొన్న చలికాలం అది పేచీ మొదలెట్టింది. తాళం తిప్పితే "గుర్ర్... గుర్ర్..." అని బద్ధకంగా మూలిగి, ఏ నాలుగోసారికో అందుకునేది. బ్యాటరీ పోయిందన్నారు అందరూ. కొత్తది వేయించాను. వేలు వదిలాయి గాని మూలుగు వదల్లేదు! చిరాకెత్తి "అమ్మేద్దాం బాపూ" అన్నాను. ఆయన ఉలకలేదు, పలకలేదు. గుడ్డ తీసుకుని అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. ఆదివారం వస్తానన్నాడు బేరగాడు.

శనివారం పొద్దున మనసాగక, కరీంనగర్ రోడ్డు మీది ఓ మెకానిక్‌ను పిల్చుకొచ్చాను. 'మెకానిక్ అల్లుడు' (1993)లో చిరంజీవిలా పానా తిప్పుతూ దిగుతాడనుకుంటే, చేతిలో చిన్న మీటరుతో దిగాడు.

"ఇంజను గిరగిర తిరిగి కూడా అందుకోకపోతే పెట్రోలో, స్పార్కో చూడాలె. తిరుగుడే మెల్లగుందంటే కరెంటు సంగతి చూడాలె సార్" అన్నాడు.

ముందు హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నాడు. బ్యాటరీ నీరసిస్తే లైట్లు బాగా మసకబారాలట. మావి నిక్షేపంగా వెలిగాయి! బ్యాటరీకి మీటరు పెడితే 12.6 వోల్టులు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 11. అంటే బ్యాటరీ నిర్దోషి. ఇక మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజను ఇనుముకు ఆనించి, మళ్లీ కొట్టమన్నాడు. అర వోల్టు కూడా దాటకూడని చోట మీటరు 2 చూపించింది!

"దొరికిండు దొంగ" అంటూ కిందికి దూరాడు. ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్తు వైరు! కొస దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. లైట్ల కరెంటు ఆ దారిన పోదు. సెల్ఫ్ లాగే నూరు ఆంపియర్ల పైచిలుకు కరెంటంతా ఆ దారినే తిరిగి రావాలి. దారి మూసుకుపోతే పాపం సెల్ఫ్ ఏం చేస్తుంది?

బొమ్మ ఆడకపోతే హీరోను తిట్టడం మనకలవాటు. నేను బ్యాటరీని తిట్టింది అలాగే. మూల నక్కిన చిన్న వేషగాణ్ని ఎవరు చూస్తారు చెప్పండి? చిలుము గీకి, కొత్త వైరు బిగిస్తే అయిన ఖర్చు బ్యాటరీ ధరలో పదోవంతు లేదు. కొనేముందు కొలిపించి ఉంటే ఎంత బాగుండేది!

"నువ్వే కొట్టు బాపూ" అన్నాను. తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకు అందుకుంది.

బాపు నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆయనకు ఫోన్ చెయ్యి. రేపు రావొద్దని చెప్పు."

ఆ సాయంత్రం ఫస్టు షోకు ఆయనే బండి తీశాడు. పక్కసీటు గుడ్డతో తుడిచి మరీ, నన్ను కూర్చోమన్నాడు.